బస బాగుందా సరే, కారు నిద్రపోయిందా?

హోటల్ గురించి రాసేటప్పుడు గది శుభ్రం, వేడినీళ్లు, పరుపు గురించి అందరూ రాస్తారు. ఎలక్ట్రిక్ కారులో తిరిగేవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలియాలి. అక్కడ రాత్రంతా ఆపి ఉంచితే పొద్దున్నకి కారులో ఛార్జింగ్ ఎంత మిగిలింది? మేం వెళ్లింది టెస్లాలో. ఈ ట్రిప్‌లో దిగిన ప్రతి చోటునీ ఆ లెక్కన కూడా చూశాను.

ఆపి ఉంచిన కారు ఊరికే ఉన్నా కొంత కరెంటు తింటుంది. టెస్లా మాన్యువల్ ప్రకారం ఇది రోజుకు 1 శాతం దాకా ఉంటుంది. అది పెద్ద నష్టమేం కాదు. కానీ కారు నిద్రపోకుండా ఏదో ఒకటి లేపుతూ ఉంటే లెక్క మారిపోతుంది. ఆపి ఉంచిన కారు తన చుట్టూ తానే కాపలా కాసే సెంట్రీ మోడ్ ఆన్‌లో ఉంటే కెమెరాలూ కంప్యూటరూ మేలుకునే ఉంటాయి. ఆగకుండా 250 వాట్ల చొప్పున లాగుతుందనుకుంటే రోజుకు 6 యూనిట్లు. 60 యూనిట్ల బ్యాటరీలో అది పదో వంతు. అందుకే చోటు మారినప్పుడల్లా సెట్టింగ్ కూడా మార్చాలని నా గట్టి అభిప్రాయం. అన్ని చోట్లకీ పనికొచ్చే సెట్టింగ్ అంటూ ఒకటి లేదు.

మొదట దిగిన హోటల్‌లో పార్కింగ్ రెండంతస్తుల లోతున సెల్లార్‌లో ఉంది. అక్కడ మొబైల్ సిగ్నల్ అస్సలు లేదు. గదిలోంచి ఫోన్‌లో టెస్లా యాప్ తెరిస్తే పాత వివరాలే కనిపిస్తాయి, కొత్తవి రావు. ఇది చూసి కంగారు పడాల్సిన పని లేదు. ఫోన్ తాళం పనిచేసేది బ్లూటూత్ మీద కాబట్టి, కారు దగ్గరికి వెళ్తే నెట్ లేకపోయినా తలుపు తెరుచుకుంటుంది. దూరం నుంచి యాప్‌తో తెరవడం మాత్రం కుదరదు. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఇక తాళంగా పనిచేసే టెస్లా కార్డే దిక్కు, కాబట్టి పర్సులో కార్డు లేకుండా ఇలాంటి సెల్లార్‌లోకి దిగొద్దు. కారు పార్క్ చేయడానికి మనిషిని పెట్టారు. కారు వేరేవాళ్ల చేతికిచ్చేటప్పుడు వాడే వ్యాలే మోడ్ పెట్టి కార్డు ఇచ్చాం. ఆ మోడ్‌లో వేగానికి హద్దు ఉంటుంది, ముందు డిక్కీ, గ్లవ్ బాక్స్ తెరుచుకోవు. గేటు దగ్గర కాపలా, పైన కెమెరాలు ఉన్నాయి కాబట్టి సెంట్రీ ఆపేశాం. నిశ్చింతగా నిద్రపోయాం, కారు కూడా నిద్రపోయింది. ఛార్జర్ లేకపోయినా ఈ హోటల్‌కి నేను మంచి మార్కులే వేస్తాను.

సముద్రం ఒడ్డున ఉన్న రిసార్ట్‌కి అన్ని వేయలేను. పార్కింగ్ అంతా ఎండలోనే, ఒక్క చెట్టు లేదు. లోపల వేడి పెరగకుండా చూసే క్యాబిన్ ఓవర్‌హీట్ ప్రొటెక్షన్ ఏసీ నడిపిస్తూ ఉంటే ఛార్జింగ్ కళ్లముందే తగ్గుతుంది. ఏసీ వద్దని ఫ్యాన్ మాత్రమే తిరిగేలా పెట్టుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. మేం అదే చేసి, అద్దాలకు సన్‌షేడ్‌లు పెట్టాం.

నాకు బాగా నచ్చింది కొండ మీది చిన్న గెస్ట్‌హౌస్. ఛార్జర్ అంటూ ఏమీ లేదు, గోడకు మామూలు సాకెట్ ఒకటుంది. యజమాని అడగగానే సరేనన్నారు. వైరింగ్ పాతది కావడంతో స్క్రీన్ మీద కరెంటును 10 ఆంపియర్లకు తగ్గించి పెట్టాం. తర్వాత ప్లగ్గు పట్టుకుని చూస్తే గోరువెచ్చగా మాత్రమే ఉంది. 230 వోల్టుల దగ్గర ఇది 2.3 కిలోవాట్లు. మెల్లగా ఎక్కుతుంది కానీ రాత్రంతా ఉంది కదా! ఇంత నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఒకటి గమనించాలి. ఛార్జింగ్ జరుగుతున్నంతసేపూ కారు మేలుకునే ఉంటుంది, తన కంప్యూటర్లకూ పంపులకూ కొంత వాడుకుంటుంది. వచ్చేదే తక్కువైనప్పుడు అందులో ఈ వాటా పెద్దదవుతుంది. సెంట్రీని కూడా నడిపిస్తే మరీ దండగ.

కొండ మీద చలి ఎక్కువ. కారును ప్లగ్గుకు పెట్టకుండా ఆపిన ఒక పొద్దున, స్క్రీన్ మీద బ్యాటరీలో కొంత భాగం నీలం రంగులో కనబడింది. అది రాత్రి కారు తినేసిన ఛార్జింగ్ కాదు, చలికి తాత్కాలికంగా వాడకానికి అందని భాగం. బ్యాటరీ వేడెక్కితే మళ్లీ వస్తుంది. ఈ తేడా తెలియకపోతే అనవసరంగా టెన్షన్ పడతాం. ప్లగ్గుకు పెట్టి, బయల్దేరే టైమ్ ముందే చెప్పి ఉంచితే గోడ కరెంటు వాడుకుని బ్యాటరీనీ క్యాబిన్‌నీ వేడి చేసుకుంటుంది.

గెస్ట్‌హౌస్ వైఫై బాగుంది, కారుకు కలిపితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దిగింది. మర్నాడు కదిలే పని లేదు కాబట్టి అప్పుడే ఇన్‌స్టాల్ చేశాం. అప్‌డేట్ జరుగుతుండగా కారు నడపలేం. తెల్లవారుజామున బయల్దేరాల్సి ఉంటే ఈ పని పెట్టుకోవద్దు. పెద్ద హోటళ్లలో గది నంబరు అడిగే లాగిన్ పేజీ వైఫై ఉంటుంది. అలాంటిచోట తంటాలు పడేకన్నా ఫోన్ హాట్‌స్పాట్ నయం.

చివరిది విమానాశ్రయం దగ్గరి లాంగ్ స్టే పార్కింగ్. కారును చాలా రోజులు వదిలి వెళ్లాలి. సగం కన్నా కాస్త ఎక్కువ ఛార్జింగ్‌తో ఆపి సెంట్రీ, వేడి రక్షణ రెండూ ఆపేశాం. ఈ రెండూ బ్యాటరీ 20 శాతానికి చేరితే వాటంతటవే ఆగిపోతాయి, కానీ అక్కడిదాకా రానివ్వడం ఎందుకు? ప్రయాణాల లెక్కలు రాసే వేరే యాప్‌కు ఇచ్చిన అనుమతిని కూడా తీసేశాను. అలాంటివి మాటిమాటికీ కారును పలకరిస్తూ నిద్రపోనివ్వవు. మన యాప్ తెరిచినా అంతే, కారు లేస్తుంది. అందుకే వెళ్లినచోట యాప్ జోలికి పోలేదు. కారును నడిపే పెద్ద బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే, దాని మీద ఆధారపడ్డ, తలుపుల తాళాల్లాంటివాటిని నడిపే చిన్న బ్యాటరీ కూడా పడిపోతుంది, అప్పుడు తలుపు తీయడమే కష్టం. కాబట్టి సున్నాకు దగ్గరగా వదిలి వెళ్లడం ఎంతమాత్రం మంచిది కాదు.

తిరిగి వచ్చేసరికి తగ్గింది మాన్యువల్ చెప్పిన లెక్కకు దగ్గరగానే ఉంది. అదే పార్కింగ్‌లో ఛార్జర్ ఉన్న వరసకు ఎక్కువ అద్దె అడిగారు. ఇన్ని రోజులకు అది అక్కర్లేదు. పైకప్పు, కాపలా ఉన్న మామూలు వరస తీసుకుంటే చాలు.