పాత 386 ల్యాప్‌టాప్‌లో విండోస్ 3.1: చాలాకాలం వాడాక

1992లో వచ్చిన విండోస్ 3.1 ఇప్పటికీ 386, 486 ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లకు చక్కగా సరిపోతుంది. ఏళ్లుగా దీనిమీదే రాస్తున్నాను, మొండికేయడం చాలా అరుదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏడిపించేది విండోస్ కాదు, డిస్కు.

ముందు ల్యాప్‌టాప్ విప్పి లోపలి బ్యాటరీ కారిందేమో చూడండి. ఆ ద్రవం బోర్డు మీది రాగి గీతలను తినేస్తుంది. హార్డ్ డిస్క్ గరగరమంటుంటే 44 పిన్నుల ఐడీఈ అడాప్టర్‌తో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టేయండి. ఆ కాలపు బయోస్‌లు (మెషీన్ ఆన్ చేయగానే డిస్కును గుర్తించే ప్రోగ్రాములు) డిస్కును కొలిచే లెక్కలో 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్ల దగ్గర, అంటే 504 మెగాబైట్ల దగ్గర ఆగిపోతాయి. 256 మెగాబైట్ల కార్డయితే ఏ గొడవా లేదు. పార్టిషన్ (డిస్కు విభజన) మాత్రం విండోస్‌కు అడుగున నడిచే డాస్ 6.22 ఫ్లాపీతో బూట్ చేసి ఆ ల్యాప్‌టాప్‌లోనే చేయాలి. కొత్త కంప్యూటర్‌లో చేస్తే సిలిండర్లు, హెడ్ల లెక్క తేడా వచ్చి బూట్ కాకపోవచ్చు. ‘ఫార్మాట్ సి: /ఎస్’ అయ్యాక కూడా నల్లటి తెర మీద కర్సర్ ఒక్కటే మిణుకుమంటుంటే కార్డు మొదట్లో బూట్ కోడ్ లేనట్టే. ‘ఎఫ్‌డిస్క్ /ఎంబీఆర్’ కొడితే సరి.

విండోస్ ఫ్లాపీలన్నీ ఒకే డైరెక్టరీలోకి కాపీ చేసి అక్కణ్నుంచే సెటప్ నడపండి. తర్వాత డ్రైవర్ మార్చినప్పుడల్లా ఫ్లాపీ కోసం వెతుక్కోనక్కర్లేదు. హార్డ్‌వేర్‌ను గుర్తించే దగ్గర బిగుసుకుపోతే ‘సెటప్ /ఐ’. కంప్యూటర్ల జాబితాలో ‘ఎంఎస్-డాస్ సిస్టమ్ విత్ ఏపీఎం’ ఉంటుంది. మీ మెషీన్‌లో ఏపీఎం, అంటే కరెంటు ఆదా చేసే ఏర్పాటు, ఉంటే అదే ఎంచుకోండి.

తెర విషయం చాలామంది పట్టించుకోరు, నిజానికి వాడకం సుఖమంతా అక్కడే ఉంది. నలుపు తెలుపు ఎల్‌సీడీ మీద మామూలు రంగులన్నీ ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి, ఏ విండోలో పనిచేస్తున్నామో టైటిల్ బార్ చూసి పోల్చుకోలేం. సెటప్‌లో మోనోక్రోమ్ వీజీఏ తీసుకుని, కంట్రోల్ ప్యానెల్ కలర్స్‌లో ఎల్‌సీడీ పేరుతో ఉన్న స్కీములు ఒక్కొక్కటీ పెట్టి చూడండి. మౌస్‌లో ట్రెయిల్స్ కూడా ఆన్ చేయండి. తెర నెమ్మది కాబట్టి, అది లేకపోతే కదిలే బాణం కంటికి ఆనదు.

386 ఎన్‌హాన్స్‌డ్ మోడ్‌కు 2 మెగాబైట్ల ర్యామ్ చాలంటారు గానీ, 4 ఉంటేనే పని సాగుతుంది. 8 ఉంటే స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో రాసుకునే ఫైల్) తీసేయొచ్చు, కార్డూ ఎక్కువకాలం మన్నుతుంది. 2తోనే నెట్టుకురావాలంటే ‘విన్ /ఎస్’తో స్టాండర్డ్ మోడ్‌లో నడపండి, వేగం తెలుస్తుంది. కాకపోతే డాస్ ప్రోగ్రాములు విండోలో రావు, తెరంతా పరుచుకుంటాయి.

32-బిట్ డిస్క్ యాక్సెస్ (బయోస్‌ను పక్కనపెట్టి విండోస్ నేరుగా డిస్కును నడిపే పద్ధతి) ల్యాప్‌టాప్‌లో వద్దు. కరెంటు ఆదా కోసం మెషీన్ డిస్కును ఆపేసినప్పుడు డేటా పోయే ప్రమాదముంది. ఇన్‌స్టాల్ అయ్యాక మెషీన్ మొదలవగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైల్ తెరిచి, డిస్కు డేటాను మెమరీలో దాచి (కాష్ చేసి) వేగం పెంచే స్మార్ట్‌డ్రైవ్ లైను కూడా చూడండి. అది విండోస్ డైరెక్టరీలోని పాతదానికి మారి ఉంటే డాస్ 6.22 దానికే తిప్పండి. కొత్తది కాష్‌లో ఉన్నదంతా డిస్కులో రాశాకే డాస్ ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే చోటు) చూపిస్తుంది, కాబట్టి ప్రాంప్ట్ కనిపించాక ధైర్యంగా స్విచ్ ఆపొచ్చు.