కస్టమ్ కారుకి ముల్లు మీటర్లా, డిజిటల్ తెరా?

నడుపుతూ ఒక్క చూపులో పట్టేయడానికి ముల్లు మీటరే నయం. ఆయిల్ ప్రెషర్ ముల్లు రోజూ నిలిచే చోటు నుంచి జారితే కంటి కొసకే తెలిసిపోతుంది. డిజిటల్‌లో 92, 95, 98 అని మారుతుంటే వేడి పెరుగుతోందని మనమే లెక్కగట్టాలి. కాకపోతే హద్దు దాటగానే తెర ఎర్రగా మెరుస్తుంది, బజర్ మోగుతుంది; అది చాలా పెద్ద మేలు.

ఎక్కువమంది దెబ్బతినేది సెండర్ (ట్యాంకులోనో ఇంజిన్‌లోనో కొలిచి మీటరుకి సిగ్నల్ పంపే పరికరం) దగ్గర. పెట్రోల్ ట్యాంకు సెండర్లు 0–90, 240–33, 10–180 ఓమ్‌లు ఇలా రకరకాలు (మొదటి అంకె ఖాళీ ట్యాంకుకి, రెండోది నిండుకి). 240–33 సెండర్‌ని 0–90 మీటరుకి కలిపితే ఖాళీ ట్యాంకు నిండుగా, నిండు ట్యాంకు మూడో వంతుగా కనిపిస్తుంది! బిగించే ముందే సెండర్ ఫ్లోట్‌ని (పెట్రోల్ మీద తేలే భాగాన్ని) కిందికీ పైకీ కదిపి మల్టీమీటర్‌తో కొలవండి. చాలా డిజిటల్ యూనిట్లలో సెండర్ రకాన్ని సెట్టింగుల్లోనే మార్చుకోవచ్చు. మామూలు ముల్లు మీటరుకైతే జత కుదరాల్సిందే. ఒంటి వైరు సెండర్‌కి మరలే ఎర్త్; వాటికి టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్త్ తెగి, రెండు రకాల మీటర్లూ తప్పే చూపిస్తాయి.

స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజీ పడిపోయి డిజిటల్ తెర రీసెట్ కావచ్చు. ఆర్‌పీఎం అంకె గెంతుతుంటే రెసిస్టర్ స్పార్క్ ప్లగ్గులు (విద్యుత్ అలజడి తగ్గించేవి) వేసి, సిగ్నల్ వైరుని ఇగ్నిషన్ వైర్లకి దూరంగా లాగండి.

టాప్ లేని కారైతే ముల్లు మీటర్లే పెట్టండి, ఎండకి తెర వెలవెలబోతుంది. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఉన్న ఇంజిన్ వేస్తుంటే మాత్రం, దాని సమాచారాన్ని మోసే క్యాన్ తీగల జతతోనే చాలా రీడింగులు వచ్చేస్తాయి కాబట్టి డిజిటలే సుఖం.