హోటల్ హాలుకైనా, బాత్రూం పనికైనా అడ్వాన్స్ కట్టే ముందు: వీల్‌చైర్ ఉన్న ఇళ్లవాళ్లకు హెచ్చరిక

హోటల్లో పార్టీ హాలు మాట్లాడుకునేవాళ్లూ, ఇంట్లో ర్యాంపో బాత్రూంలో గ్రాబ్ బార్లో (పట్టుకుని లేవడానికి గోడకు బిగించే స్టీలు కడ్డీలు) పెట్టించుకునేవాళ్లూ మోసపోయేది ఒకే మాట దగ్గర. "వీల్‌చైర్ వస్తుందా?" అని అడుగుతారు. "వస్తుంది సార్" అంటారు. అడ్వాన్స్ వెళ్లిపోతుంది. ఆ "వస్తుంది" అంటే కొందరి లెక్కలో గేటు దాకా అని, మరికొందరి లెక్కలో నలుగురు కుర్రాళ్లు ఎత్తుకొస్తారని. అందుకే అవును, కాదు అని తేల్చేసే ప్రశ్న వేయకండి. అంగుళాల్లో జవాబు చెప్పాల్సిన ప్రశ్న వేయండి.

గూగుల్ మ్యాప్స్‌లో వీల్‌చైర్ గుర్తు చూసి బయల్దేరకండి. అందులో ప్రవేశం, పార్కింగ్, టాయిలెట్, కూర్చునే చోటు దేనికదే వేరు. చాలాచోట్ల టిక్ ఉండేది ప్రవేశానికి మాత్రమే. ఆ టిక్ యజమాని తానే పెట్టుకోవచ్చు, ఎవరూ టేపు పట్టుకుని వచ్చి చూడరు.

మొదట ర్యాంపు సంగతి. లెక్క సులువు: ఎత్తు ఎన్ని అంగుళాలో ర్యాంపు పొడవు అన్ని అడుగులు. దీన్నే 1:12 వాలు అంటారు. వాకిట్లో ఆరేసి అంగుళాల మెట్లు రెండుంటే 12 అడుగుల ర్యాంపు కావాలి. హోటళ్లలో కనిపించేది వెల్డింగ్ షాపులో చేయించిన నాలుగడుగుల ఇనుప ప్లేటు, అంటే 1:4. మనిషీ కుర్చీ కలిపి 100 కిలోలు అనుకుంటే, 1:12 మీద తోయడానికి సుమారు 8 కిలోల బలం చాలు. 1:4 మీద 24 కిలోలు పడుతుంది. దిగేటప్పుడు అదే 24 కిలోలు వెనక్కి లాగిపట్టాలి. కింద ఫుట్‌రెస్టు నేలకు తగిలి కుర్చీ ఆగిపోతే కూర్చున్నవారు ముందుకు పడతారు. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. ర్యాంపు మీద నున్నటి గ్రానైట్ పరిచిన హోటళ్లు హైదరాబాద్‌లో కొల్లలు. చూడ్డానికి దర్జాగా ఉంటుంది, వాన పడితే తోసేవాళ్ల చెప్పులే జారతాయి. ర్యాంపు మొదట్లో బైకులు పెట్టి ఉంటాయా, వాచ్‌మన్ కుర్చీ వేసుకుంటాడా అని కూడా అడగండి. నవ్వులాటగా అనిపిస్తుంది గానీ అడగాల్సిందే.

బిర్యానీ హోటళ్లలో కింద మామూలు హాలు, ఫ్యామిలీ సెక్షనూ ఏసీ హాలూ మెట్లెక్కి మొదటి అంతస్తులో. "లిఫ్ట్ ఉంది" అంటే రెండు కొలతలు అడగండి: తలుపు తెరుచుకున్నాక వెడల్పు, లోపలి లోతు. ఫుట్‌రెస్టుతో కలిపి కుర్చీ పొడవు 42 అంగుళాల దాకా ఉంటుంది. ఆరుగురు పట్టే లిఫ్టుల్లో చాలావాటి లోతు 40కి అటూ ఇటూ. కుర్చీ ఎక్కుతుంది, తలుపు మూసుకోదు. ఫుట్‌రెస్టులు ఊడదీసి కాళ్లు పైకి పట్టుకుంటే సరిపోవచ్చు, మోకాళ్లు బిగుసుకుపోయిన వారికి ఆ దారీ లేదు.

"మావాళ్లు ఎత్తుకొస్తారు" అన్న ఆఫర్ అన్నిటికంటే ప్రమాదం. కుర్రాళ్లది మంచి మనసే, పట్టుకునే చోటే తప్పు. చాలా కుర్చీలకు చేతులు, ఫుట్‌రెస్టులు ఊడివచ్చేవి. వాటిని పట్టి ఎత్తితే మెట్ల మధ్యలో చేతిలోకి వచ్చేస్తాయి. తప్పనిసరైతే వెనక పిడులనూ, ముందు ఊడిరాని ఫ్రేమునూ పట్టుకోవాలి. బ్యాటరీ కుర్చీ ఒక్కటే 40 కిలోలు దాటొచ్చు, దాన్ని మనిషితో సహా ఎత్తనివ్వకండి.

టేబుల్ దగ్గర గొడవ తక్కువే. నేలకు బిగించిన సోఫాలున్న వరస కాకుండా, కుర్చీలు తీసేయగలిగే టేబుల్ ముందే ఉంచమనండి. పలక కింద అంచు పట్టీ ఉంటే కుర్చీ చేతులు దానికి తగిలి మనిషి కంచానికి అడుగు దూరంలో ఆగిపోతారు. పట్టీ కింద 29 అంగుళాల ఖాళీ ఉంటే చాలా కుర్చీలు దూరతాయి.

అసలు పరీక్ష టాయిలెట్. మేం మార్కులు వేస్తే టాయిలెట్ ఫెయిలైన హోటల్ ఫెయిలైనట్టే, పెసరట్టు ఎంత బాగున్నా సరే. మూడు గంటల ఫంక్షన్‌కు వచ్చి పొద్దుటి నుంచి మంచినీళ్లు మానేసి కూర్చునే పెద్దవాళ్లు ఉన్నారు. మామూలు మడత కుర్చీ మొత్తం వెడల్పు 25, 26 అంగుళాలు, చక్రం తిప్పే వేళ్లకు ఇంకొంచెం. తలుపుకు ప్రభుత్వ ప్రమాణాలు చెప్పేది 900 మిల్లీమీటర్ల ఖాళీ, అంటే దాదాపు 36 అంగుళాలు. 32 ఉంటే సర్దుకోవచ్చు. "30 అంగుళాల తలుపు" అంటే ఖాళీ 30 కాదని గుర్తుంచుకోండి, తెరిచిన తలుపు మందమే అంగుళమున్నర తినేస్తుంది. లోపల కుర్చీ తిరగడానికి అయిదడుగుల గుండ్రటి చోటు, కమోడ్ పక్కన మూడడుగుల ఖాళీ కావాలి. వీల్‌చైర్ బొమ్మ వేసిన తలుపు వెనక చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు, వాటర్ బాటిళ్ల పెట్టెలు పేర్చి ఉండడం మామూలే.

టేపు పట్టమంటే మేనేజర్లు విసుక్కుంటారు. వాట్సాప్‌లో నేల కనబడేలా ఫొటో అడగండి. చాలాచోట్ల నేల టైల్స్ రెండడుగులకు రెండడుగులు. గుమ్మంలో ఒకటిన్నర టైలు పడితే మూడడుగులు. లోపల అటూ ఇటూ రెండున్నర టైల్స్ ఖాళీ ఉంటే కుర్చీ తిరుగుతుంది. ఫొటో పంపనన్న చోట అడ్వాన్స్ కట్టకండి.

ఇక ఇంటి పనులు. హోటల్లో తేడా వస్తే పోయేది ఒక సాయంత్రం, ఇక్కడ పోయేది తుంటి ఎముక. "సీనియర్ సేఫ్ బాత్రూం" అని ప్యాకేజీలు అమ్ముతున్నారు. వచ్చే కుర్రాడు కర్టెన్ రాడ్లు బిగించే డ్రిల్లుతోనే వస్తాడు: 6 మిల్లీమీటర్ల బిట్టు, ప్లాస్టిక్ ప్లగ్గులు. ఆ ప్లగ్గు టైలూ దాని వెనక సిమెంటూ దాటి గోడలోకి వెళ్లేది అంతంతమాత్రం. మనిషి బరువు పడ్డ రోజు బార్ టైలుతో సహా ఊడి వస్తుంది. ఇటుక గోడైతే 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు (గోడ లోపల విచ్చుకుని పట్టేవి), టైలు దాటాక ఇటుకలోకి రెండంగుళాలకు పైగా దిగాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో తేలిక ఏఏసీ బ్లాకులు వాడుతున్నారు, వాటిలో మామూలు యాంకర్ బిగించే కొద్దీ రంధ్రమే పెద్దదవుతుంది. అక్కడ కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు నింపి అతికించే బోల్టు), లేదా గోడ అవతలి దాకా బోల్టు వేసి వెనక ప్లేటు. "మీ గోడ దేంతో కట్టారు?" అని అడగకుండా డ్రిల్లు తీసినవాణ్ని ఆపేయండి. గాలిపట్టుతో అతుక్కునే రబ్బరు కప్పుల బార్లు నిలబడడానికి కాస్త ఆసరా తప్ప బరువు మోయవు, వాటిని ప్యాకేజీలో లెక్కేస్తే ఆ పూటే వెనక్కి పంపండి.

స్టీలు దగ్గర ఇంకో కనికట్టు. అయస్కాంతం ఆనించి, "అంటుకోలేదు చూడండి, 304 గ్రేడ్" అంటారు. చవకరకం 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు! ఆ పరీక్షతో రెండింటికీ తేడా తెలియదు. బోరు నీళ్లకూ బాత్రూం యాసిడ్‌కూ 202 బోల్టుల దగ్గర తుప్పుపడుతుంది, పైపు మెరుస్తూనే ఉంటుంది. గ్రేడ్ బిల్లు మీద రాయించండి.

బార్ ఎక్కడ పెట్టాలో మేస్త్రీ నిర్ణయించకూడదు. వాడే మనిషిని కమోడ్ మీద కూర్చోబెట్టి, ఏ చేతికి బలం ఉందో చూసి పెన్సిల్ గీత పెట్టాలి. పక్షవాతం వచ్చినవారికి బలం లేని వైపు బార్ బిగిస్తే అది టవల్ వేసుకోవడానికే. గోడకూ బార్‌కూ మధ్య రెండంగుళాల ఖాళీ చాలు, ఎక్కువైతే జారిన ముంజేయి అందులో ఇరుక్కుంటుంది. మామూలు కమోడ్ సీటు 15, 16 అంగుళాలు, కుర్చీ సీటు 19, 20. దిగడం సులువే, పైకి రావడమే కష్టం. కమోడ్ 18, 19 అంగుళాలకు వచ్చేలా ముందే చెప్పండి. హెల్త్ ఫాసెట్ వెనక్కి తిరిగితే తప్ప అందని చోట పెట్టనివ్వకండి.

బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే, పడిన మనిషే తలుపుకు అడ్డమవుతారు. "యాంటీ స్కిడ్" అన్న మాటకు విలువ లేదు, టైలు పెట్టె మీద ఆర్11 (ఎంత జారకుండా ఉంటుందో చెప్పే గ్రేడ్) ఉందేమో చూడండి. వీధి గుమ్మం గడపను తీసేయమని ఇంట్లో పెద్దవాళ్లతో యుద్ధం అక్కర్లేదు. రెండంగుళాల గడపకు రెండువైపులా రెండేసి అడుగుల చెక్క వాలు పెడితే పసుపూ కుంకుమా ఎక్కడివక్కడే ఉంటాయి.

డబ్బు సంగతి: మొత్తంలో పాతిక శాతం పరీక్ష అయ్యేదాకా చేతిలో ఉంచుకోండి. బార్ బిగించినవాణ్నే రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్లు వంచి ఒళ్లంతా వేలాడమనండి. వెనకాడితే జవాబు వచ్చేసినట్టే. ర్యాంపు మీద ఖాళీ కుర్చీ కాదు, మనిషి కూర్చున్న కుర్చీ ఎక్కించి దింపాలి.

హోటల్ వాళ్లు "ఇది ప్రైవేటు స్థలం" అంటే: సదుపాయాల నిబంధనలు పాటించాలన్న 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. 89వ సెక్షన్ ప్రకారం చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు కూడా ఈ సదుపాయాల ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఫిర్యాదు రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు పంపాలి.

అడ్వాన్స్ తిరిగివ్వకపోతే, పని ఊడిపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ నిలబడేది కాగితమే. "బాత్రూం పని, మొత్తం ఇంత" అని ఒక్క వరస రాసిచ్చే బిల్లు తీసుకోకండి. గోడ రకం, యాంకర్ సైజు, స్టీలు గ్రేడ్, కమోడ్ ఎత్తు, ర్యాంపు పొడవు విడివిడిగా రాయించండి. హాలు బుకింగ్ అయితే "లిఫ్ట్ తలుపు ఇన్ని అంగుళాలు, టాయిలెట్ తలుపు ఇన్ని అంగుళాలు, తేడా వస్తే అడ్వాన్స్ పూర్తిగా వాపసు" అని మేనేజర్ నంబర్ నుంచే మెసేజ్ తెప్పించుకున్నాక డబ్బు పంపండి.