రాస్ హిల్ మీంచి ఓడని చూసి, ఆ తర్వాత మ్యూజియంకి వెళ్లండి

వైజాగ్‌లో పుట్టి పెరిగిన నేను పోర్టులోకి ఓడ ఎలా వస్తుందో మొన్న ఆదివారం దాకా సరిగ్గా చూడనే లేదు. పాతపోస్టాఫీసు దాటి రాస్ హిల్ ఎక్కితే ఓడలు పోర్టులోకి వచ్చే దారి, అదే ఎంట్రన్స్ ఛానల్, కాళ్ల కిందే ఉంటుంది, అటువైపు డాల్ఫిన్స్ నోస్ కొండ. టికెట్ లేదు. 1864లో రాస్ అనే దొర ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అదే చర్చి అయింది. దొర మంచి చోటే చూసుకున్నాడు.

వెంట మా బాబాయ్ వచ్చాడు. టగ్గు మీద, అంటే పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడ మీద, పనిచేసి రిటైరయ్యాడు కాబట్టి గైడు ఖర్చు లేదు, కాకపోతే మొదలెడితే ఆపడు. నలభై నిమిషాలు ఒక్క ఓడా రాలేదు, ఎండకి మాడిపోయి ఇక దిగిపోదాం అనుకుంటుంటే బొగ్గు ఓడ ఒకటి తిరిగింది, ముందో టగ్గు వెనకో టగ్గు, కొండకి రాసుకుపోతుందేమో అని నాకు టెన్షన్. "కెప్టెన్ ఉంటాడు గానీ, ఇక్కడ దారి చూపేది మన పోర్టు పైలటేరా" అన్నాడు బాబాయ్. ఒకప్పుడు లోపలంతా ఉప్పుటేరు, బురద. దాన్ని తవ్వారు, రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి ఛానల్ నోటి దగ్గర ముంచి కెరటాలకి అడ్డం పెట్టారు. 1933 అక్టోబరులో జలదుర్గ మొదటి ఓడగా లోపలికొచ్చింది. 1948లో నెహ్రూ నీళ్లలోకి వదిలిన జలఉష ఓడ సముద్రం చూసిందీ ఈ దారినే.

సాయంత్రం బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం, పాత డచ్చి బంగళా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఊరి మీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలిన ఒకటి అక్కడుంది. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్తే దాని పక్కన నిలబడి వెక్కిరించుకున్నాం. ఈసారి బాబాయ్ కూడా కాసేపు మాట్లాడలేదు.

ఓపికుంటే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం కూడా చూడండి, సోమవారం మాత్రం సెలవు. 91 మీటర్ల పొడవు, లోపల మాత్రం వంగి వంగి నడవాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం.

ఆటో అతను కొండ పైదాకా అని బేరమాడి కిందే దింపేశాడు, ముందే గట్టిగా మాట్లాడుకోండి. నీళ్ల సీసా, టోపీ మర్చిపోవద్దు. పైన కేకలు వేయకండి, చర్చి లోపల ప్రార్థన జరుగుతుంటుంది.