మారుతి ఎస్టీమ్ 1300 రేస్ ఇంజిన్, బరంపురంలో కట్టింది: నాలుగు సీజన్లు తోలాక

మొన్న రాత్రి ఇంజిన్ మళ్ళీ విప్పాం. నాలుగో సీజన్ అయిపోయింది, లాగ్ బుక్ లెక్క ప్రకారం ట్రాక్ మీద మొత్తం 31 గంటలు తిరిగింది, బోర్ గేజ్ (సిలిండర్ లోపలి వెడల్పు కొలిచేది) పెట్టి చూస్తే నాలుగు సిలిండర్లలోనూ బాగా అరిగిన చోట కూడా 0.02 మిల్లీమీటర్లు దాటలేదు. ఈ అంకె చూసేకే ఇది రాద్దాం అనుకున్నాను. కొత్తగా కట్టినప్పుడు రాసుంటే పవర్ ఎంత పెరిగింది అన్నదే రాసేవాణ్ణి, అసలు సంగతి అది కాదని నాలుగేళ్ళు తోలేక తెలిసింది.

మాది ఒడిశా బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. ఈ చుట్టుపక్కల ట్రాక్ అన్నదే లేదు. శ్రీపెరుంబుదూర్ దగ్గర మద్రాస్ ట్రాక్, 1990లో తెరిచింది, ఒక ల్యాప్ 3.7 కిలోమీటర్లు, మాకు వెయ్యి కిలోమీటర్లు పైనే, కారుని ట్రాలీ మీద ఎక్కించుకుని ఎన్‌హెచ్ 16 పట్టుకుని రెండు రోజులు పోవాలి. అంతదూరం పోయి మొదటి ప్రాక్టీసులోనే ఇంజిన్ పోతే మళ్ళీ అంతే దూరం ఖాళీగా రావాలి. అందుకే మాకు పవర్ కన్నా ముందు నిలబడే ఇంజిన్ కావాలి, మా బావా నేనూ మొదటి రోజు నుంచీ ఆ మాట మీదే ఉన్నాం.

ఇంజిన్ వచ్చింది మా పెద్దనాన్న గారి ఎస్టీమ్ నుంచి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి ఇచ్ఛాపురంలో కొబ్బరిచెట్టు పడి బాడీ నలిగిపోయింది, ఇంజిన్‌కి ఏటీ కాలేదు. 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్), 1298 సీసీ, 74 మిల్లీమీటర్ల బోర్ (సిలిండర్ వెడల్పు), 75.5 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), కంపెనీ లెక్కకి 85 హార్స్ పవర్. ఆ కారు ఆగిపోయి పదిహేనేళ్ళు దాటిపోయినా సామానుకి మరీ ఇబ్బంది లేదు, జిప్సీ కింగ్‌లో ఉన్నది కూడా ఈ కుటుంబమే, బేరింగులు గాస్కెట్లు జిప్సీ పేరు మీద అడిగితే దొరుకుతున్నాయి. పైగా ఎల్‌జీబీ ఫార్ములా 4 రేస్ కార్లలో వాడేది ఇదే మారుతీ 1300 ఇంజిన్ కాబట్టి చెన్నై, కోయంబత్తూర్‌లో దీని గుట్టు తెలిసినవాళ్ళు ఉన్నారు, అడిగితే విసుక్కోకుండా చెప్తారు.

రోడ్డు కారు ఇంజిన్‌తో రేస్ ఏటి అని అడిగేవాళ్ళకి ఒకటి చెప్తాను. 1983లో నెల్సన్ పికే ఫార్ములా వన్ ఛాంపియన్ అయిన బ్రాభమ్ కారులో ఉన్న బీఎండబ్ల్యూ 1.5 లీటర్ టర్బో ఇంజిన్‌కి మూలం వాళ్ళ రోడ్డు కార్ల ఎం10 ఇనప బ్లాకే. 90లలో సూపర్ టూరింగ్ అనే కార్ల రేసుల్లో కూడా 2 లీటర్ల ప్రొడక్షన్ ఇంజిన్లే, 8500 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దగ్గర ఆపమని రూలు. మన దేశంలో కోయంబత్తూర్‌లో రేస్ కార్లు కట్టిన కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజిన్ పెట్టి ఫార్ములా మారుతి కార్లు కట్టారు. కంపెనీ పోత పోసిన బ్లాక్‌లో దమ్ము ఉంటుంది, దాన్ని ఎంత శ్రద్ధగా కొలిచి కూర్చామన్నదే మన చేతిలో పని.

ఇప్పుడు ఆ కొలత సంగతి. బ్లాక్‌ని 0.50 మిల్లీమీటర్లు ఓవర్‌సైజ్ బోర్ చేయించాం, అంటే సిలిండర్లు అంత వెడల్పు చేయించాం, దాంతో 1316 సీసీ అయింది. మీరు చేయించేముందు మీ క్లాస్ రూల్ బుక్‌లో ఎంతవరకూ ఒప్పుకుంటారో చదువుకోండి, చేసీసేక చదివితే ఏం లాభం లేదు. మొదటిసారి ఒక పెద్ద ఊళ్ళో పెద్ద షాపులో ఇచ్చాం, పేరు చెప్పను. పని నున్నగా అద్దంలా ఉంది, బిల్లు కూడా అలాగే ఉంది. ఇంటికి తెచ్చీసి ఇంజిన్ కూర్చేద్దాం అనుకుంటుంటే మా ఊరి లేత్ మేస్త్రి గారు, డెబ్బై ఏళ్ళాయన, చూడ్డానికి వచ్చారు. బోర్ గేజ్ పెట్టి చూపించాను, అంతా సమంగానే ఉంది. ఆయన చూసి "బోల్టులు లేకుండా కొలిస్తే గుండ్రంగానే ఉంటాది బాబూ, హెడ్ బిగించేక ఆ గుండ్రం ఎక్కడికి పోతాదో అది చూడాల" అన్నారు. హెడ్ అంటే సిలిండర్ల మీద బోల్టులతో బిగించే మూత. "హెడ్ బిగించేక లోపల కొలవడం ఎలాగ తాతా" అంటే మర్నాడు 40 మిల్లీమీటర్ల ఇనప పలక ఒకటి తెచ్చి, నాలుగు సిలిండర్లకి నాలుగు కంతలు కోసి, హెడ్ బోల్టులకి కంతలు వేసి, పాత గాస్కెట్ మధ్యన పెట్టి పూర్తి టార్క్‌కి బిగించారు. అప్పుడు గేజ్ దింపితే రెండో సిలిండర్ 0.04 మిల్లీమీటర్లు ఓవల్. నాకు నోట మాట రాలేదు. ఆ షాపుకి ఫోన్ చేస్తే ప్లేట్ పెట్టి చేశామనే అన్నారు, చేసుంటే ఆ ఓవల్ రాదు కదా, డబ్బులూ వెనక్కి ఇవ్వలేదు, మళ్ళీ చెయ్యడమూ లేదు. చివరికి ఆ పలక బిగించి, మేస్త్రి గారి దగ్గరే హోనింగ్ (సిలిండర్ గోడని రాయితో సన్నగా అరగదీయడం) మళ్ళీ చేయించాం, అదృష్టం కొద్దీ పిస్టన్‌కీ గోడకీ మధ్య క్లియరెన్స్ లిమిట్ లోపలే ఆగింది. ఈరోజు బోర్ అరుగుదల 0.02 దాటలేదు అంటే ఆ పలక వల్లే అని నా గట్టి నమ్మకం.

పిస్టన్ రింగుల చివర్ల మధ్య గ్యాప్ నేనే వేసుకున్నాను, దీనికి మిషన్ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. రింగుని బోర్‌లోకి దింపి, పిస్టన్‌ని తిరగేసి దాంతో ఒక అంగుళం కిందకి సమంగా తోసి, ఆ గ్యాప్‌లో ఫీలర్ గేజ్ (మందం తెలిసిన సన్న రేకు) పెట్టాలి. అంగుళం బోర్‌కి నాలుగు థౌ (అంగుళంలో వెయ్యో వంతు) అన్నది పాత లెక్క, మన బోర్‌కి అది 0.30 మిల్లీమీటర్లు వస్తుంది, రేస్ వేడికి నేను పై రింగు 0.33 పెట్టాను, రెండోది ఇంకాస్త ఎక్కువ. సన్న ఆకురాయితో బయట నుంచి లోపలికి ఒకే వైపు గీయాలి, రెండు గీతలు గీసి మళ్ళీ కొలవాలి, ఎక్కువ గీస్తే ఆ రింగు పారేయడమే. ఎనిమిది రింగులకి రెండు సాయంత్రాలు పట్టింది, అమ్మ వరండాలో లైటు కింద కూర్చుని చేశాను. గ్యాప్ తక్కువైతే వేడికి రింగు చివర్లు ఒకదానికొకటి తగిలి పిస్టన్ పై గట్టునే పెరికేస్తాయి, కాస్త ఎక్కువైతే మాత్రం కంప్రెషన్ కొంచెం లీక్ అవుతుంది అంతే, కాబట్టి అనుమానం ఉంటే ఎక్కువ వైపే ఉండండి.

కంప్రెషన్ 10.8 పెట్టాం, అంటే సిలిండర్‌లోకి వచ్చిన గాలిని 10.8లో ఒక వంతుకి నొక్కడం. ఓవర్‌సైజ్ తర్వాత ఒక సిలిండర్ 329 సీసీ, అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ మొత్తం 33.6 సీసీ ఉండాలి, దానికి బ్యూరెట్‌తో హెడ్ చాంబర్లు నాలుగూ నింపి కొలిచి హెడ్ గీయించాం. క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) కాస్త ఎక్కువ లిఫ్ట్‌ది, అంటే వాల్వుని ఇంకా ఎక్కువ తెరిచేది, వేశాం కదా, వాల్వు పిస్టన్‌కి తగులుతుందేమో చూడాలి, పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే మట్టి అతికించి చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పి ఆ మట్టిని బ్లేడుతో కోసి మందం కొలిస్తే ఎగ్జాస్ట్ వైపు 1.7 మిల్లీమీటర్లే ఉంది, నాకు కావల్సింది 2.5. మళ్ళీ పిస్టన్ పాకెట్లు లోతు చేయించి, మళ్ళీ సీసీ కొలిచి, తల ప్రాణం తోకకొచ్చింది. ఆ పని వదిలీసి ఉంటే మొదటి మిస్డ్ షిఫ్ట్‌కే (గేరు తప్పు పడినప్పుడే) వాల్వులు వంగిపోయేవి.

పిస్టన్ని క్రాంక్‌కి కలిపే రాడ్ల బోల్టులు ఏఆర్‌పీ కంపెనీవి వేశాం, ఇందులో మాత్రం పిసినారితనం వద్దు. ఆర్‌పీఎమ్ పెరిగితే బోల్టు మీద లాగుడు దాని వర్గం లెక్కన పెరుగుతుంది, 6500 నుంచి 7500కి వెళ్తే 33 శాతం ఎక్కువ. 7500 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి దాదాపు 19 మీటర్లు, నేను ఆర్‌పీఎమ్ లిమిటర్ అక్కడే పెట్టి ఒక్కసారి కూడా మార్చలేదు.

ఇక తోలాక జరిగింది. మొదటి సీజన్ రెండో రేసులోనే పెద్ద దెబ్బ తగలబోయింది. పొడుగ్గా సాగే మలుపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు నాలుగు కేజీల నుంచి ఒకటికి పడిపోయి, మలుపు దాటగానే మళ్ళీ లేచింది. మొదట గేజ్ తప్పు అనుకున్నాను. ఇంకో ల్యాప్‌లో అదే చోట అదే పడిపోవడం చూసి యాక్సిలరేటర్ వదిలీసి పిట్ లోకి వచ్చీసాను. రోడ్డు కారు సంప్ (ఇంజిన్ కింద ఉండే ఆయిల్ తొట్టి) అంత సేపు ఒకే పక్కకి ఒరిగిపోయే ఆయిల్ కోసం చేసింది కాదు, ఆయిల్ అంతా గోడకి ఎక్కి కూర్చుంటే పికప్ గొట్టం గాలి పీలుస్తుంది. ఫిల్టర్ కోసి మడతలు విప్పి ఎండలో పట్టి చూస్తే సన్న వెండి పొడి, అంటే బేరింగ్ పై పొర, రాగి రంగు మాత్రం కనపడలేదు, కనపడుంటే క్రాంక్ కూడా పోయినట్టే. ఆ రేస్ మానేసి ఇంటికి వచ్చి సంప్‌లో అడ్డ పలకలు వేసి, లోపలికే తెరుచుకునే చిన్న తలుపులు మడతబందులతో పెట్టి, ఆయిల్ కూలర్ పెట్టి, కొత్త బేరింగులు వేశాం. మొత్తం పన్నెండు వేలు అయింది. ఆ తర్వాత మూడు సీజన్లు ఆ ముల్లు మూడున్నరకి కిందకి రాలేదు. ఇది కట్టినప్పుడే చెయ్యాల్సింది, క్యామ్ కొన్న డబ్బులతో ముందు ఇది చేసుంటే ఒక రేస్ వీకెండూ, రానూపోనూ రెండు వేల కిలోమీటర్ల డీజిలూ మిగిలేవి.

రెండోది నాక్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తానే పేలడం. ఏప్రిల్ ఎండలో అప్పటి మామూలు 91 ఆక్టేన్ పెట్రోల్‌తో 10.8 కంప్రెషన్ నడవలేదు, హెల్మెట్‌లో చప్పుడు వినపడదు కానీ స్పార్క్ ప్లగ్ చెప్తుంది. తెల్ల పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటి మధ్యన మెరిసే సన్న గుళ్ళు, అది పిస్టన్ అల్యూమినియం. వెంటనే ప్లగ్ వెలిగే టైమింగ్ నాలుగు డిగ్రీలు వెనక్కి లాగి, 95 ఆక్టేన్ పెట్రోల్‌కి మారి, ఎన్‌జీకే ప్లగ్గులు ఒక నంబర్ పెద్దవి వేశాం, వాటిలో నంబర్ పెరిగితే ప్లగ్ చల్లన. ఇంకొకటి, ఇప్పుడు పంపుల్లో ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోల్ వస్తోంది కదా, దానికి ఇంజెక్టర్లు ఎక్కువ పొయ్యాలి, ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్) పాత మ్యాప్‌తో నడిపితే లీన్ అయిపోతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ చాలదు, కాబట్టి ఎక్కడ పోయించినా ల్యాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ళు చూపే రీడింగ్) చూసుకున్నాకే ఫుల్ లోడ్ మీద తోలండి.

థర్మోస్టాట్ (కూలింగ్ నీటి దారి తెరిచి మూసే వాల్వు) తీసేస్తే చల్లగా ఉంటుందని చాలామంది చెప్పారు, నేను ఉంచాను, వేడి నిలకడగా ఉంది.

పవర్ అడుగుతారు కాబట్టి చెప్తాను, రోలింగ్ రోడ్ (పవర్ కొలిచే మిషన్) మీద చక్రాల దగ్గర 94 హార్స్ పవర్ వచ్చింది. ఖర్చు మొత్తం రెండు లక్షల నలభై వేలు, అందులో పిస్టన్లు, రాడ్ బోల్టులు, ఈసీయూ సగం పైన తినేశాయి, మెషినింగ్ రెండుసార్లు అవడం వల్ల ఇంకో పద్దెనిమిది వేలు దండగ. పది గంటలకోసారి బేరింగులు, ప్రతి వీకెండ్ తర్వాత ఆయిల్, ఫిల్టర్ కోసి చూడడం, టైమింగ్ బెల్ట్ సీజన్‌కి ఒకటి. లీక్ డౌన్ (సిలిండర్‌లోకి గాలి నింపితే ఎంత శాతం కారిపోతుందో) ప్రతి రేస్ ముందూ చూస్తాను, మొదట్లో 4 శాతం ఉండేది ఇప్పుడు 9.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఐడిల్ 1100 దగ్గర గునుస్తుంది, మూడు వేల లోపు లాగుడు ఉండదు, ట్రాలీ ఎక్కించడానికి కూడా క్లచ్ కాల్చాల్సి వస్తుంది. ఊళ్ళో తోలడానికి ఈ ఇంజిన్ పనికిరాదు. కోయంబత్తూర్ కరి ట్రాక్ లాంటి చిన్న ట్రాక్‌లో, అది 2.1 కిలోమీటర్లే, గేర్లు సరిపడక ఈ క్యామ్ పెద్దగా ఉపయోగపడలేదు, ఇప్పుడైతే ఇంకాస్త మెత్తటి క్యామ్ తీసుకుంటాను.

మళ్ళీ కడతానా అంటే ఇదే బ్లాక్ మీద కడతాను. హెడ్ రేపు వాల్వ్ సీట్లు కోయడానికి వెళ్తోంది, రింగులు బేరింగులు ఆర్డర్ ఇచ్చీసాను, పిస్టన్లు అవే మళ్ళీ వేస్తాం. మేస్త్రి గారు చేసిన ఆ ఇనప పలక నా దగ్గరే బెంచి కింద ఉంది. గంజాం, శ్రీకాకుళం వైపు ఎవరైనా ఈ 1300 బ్లాక్ హోనింగ్ చేయిస్తుంటే వచ్చి పట్టుకెళ్ళండి, డబ్బులు వద్దు, బోల్టులతో సహా ఇస్తాను, తిరిగిచ్చేటప్పుడు తుప్పు పట్టకుండా ఆయిల్ రాసి ఇవ్వండి చాలు.