నాలుగేళ్ళు వాడాక: ఎనామెల్ బట్టీ, రాగి మీద నిలిచిన డిజైన్లు

ఎనామెల్ పనికి, అంటే రాగి మీద రంగు గాజు పొడిని కరిగించి పూత పట్టించడానికి, సత్యనారాయణపురంలో మా మేడ మీది గదిలో ఈ చిన్న కరెంటు బట్టీ పెట్టి నాలుగేళ్ళయింది. అరచేయంత రాగి బిళ్ళ పడుతుంది, అంతకు మించి చోటు లేదు. 15 ఆంప్ ప్లగ్గు కావాలి. 800 డిగ్రీలకు చేరడానికి ముప్పావు గంట పడుతుంది. మే నెలలో తెల్లవారుజామున మొదలుపెట్టకపోతే విజయవాడ ఎండకు ఆ గదిలో బిళ్ళ కంటే ముందు మనం కాలతాం.

కొత్తలో నాకు వెండి తీగ పని మీదే మోజు. తీగను నెమలిలా వంచి, గళ్ళలో రంగు నింపి కాల్చడం. మూడు రోజులు కూర్చుని చేసిన మొదటి నెమలిని బయటికి తీస్తే తోక లేదు! వెండి 961 డిగ్రీల దాకా కరగదు కదా అన్నది నా ధీమా. కానీ వెండీ రాగీ తగిలిన చోట 779 డిగ్రీలకే రెండూ కలిసి కరుగుతాయి. అడుగు పూత పలచనై తీగ రాగిదాకా దిగిపోయింది. ఇప్పుడు రెండు పూతలు కాల్చాకే తీగ పెడుతున్నా. అయినా ఈ బట్టీని తీగ పనికి నమ్మలేను. డిస్‌ప్లేలో అంకె ఒకటి, లోపల వేడి ఇంకొకటి. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే "అది నార్మలే మేడమ్" అన్నారు.

నా చేతికి కుదిరింది పుల్ల పని. కాల్చిన తెల్ల పూత మీద జిగురు నీళ్ళు చిలకరించి, నీలం పొడి పలచగా జల్లించి, ఆరాక అగరుబత్తి పుల్లతో గీస్తే అడుగు తెలుపు బయటపడుతుంది. ముగ్గులో పిండి రాలిస్తే గీత, ఇక్కడ పొడి తీసేస్తే గీత. మెలికల ముగ్గు బాగా వస్తుంది. గీత అంచున పేరుకున్న పొడిని మెత్తటి కుంచెతో తీయాలి. ఫ్యాన్ ఆపడం మర్చిపోయారా, పని మళ్ళీ మొదటికే. మూతికి మాస్క్ తప్పదు, అది గాజు పొడి.

కాలడం రెండు మూడు నిమిషాలే. ముందు చక్కెర పలుకుల్లా, తర్వాత బత్తాయి తొక్కలా, ఆపైన నున్నగా మెరుస్తుంది. డిస్‌ప్లే కన్నా నాకు ఈ లెక్కే నయం.

స్టెన్సిల్ పని, అంటే కత్తిరించిన కాగితం అడ్డుపెట్టి పొడి జల్లించడం, పిల్లలకు కూడా వస్తుంది. బిళ్ళ వెనక కూడా పూత వేయండి, లేకపోతే చల్లారేటప్పుడు వంగి పెచ్చులు లేస్తుంది. నల్లబడిన రాగికి వేడి నీళ్ళలో నిమ్మ ఉప్పు చాలు. ఇత్తడి జోలికి మాత్రం పోవద్దు, అందులోని జింకు పూతను నిలవనివ్వదు.

నిరుడు కాయిల్ తెగింది. గవర్నర్‌పేటలో హీటర్ కాయిళ్ళు చుట్టే ఆయన కొత్తది చుట్టిచ్చాడు. కంపెనీ కాయిల్ కంటే అదే వేడిని సమంగా ఇస్తోంది.