ఫెడోరా వర్క్‌స్టేషన్ 43: తెర మీది పనితనం, తెర వెనకాల కంపెనీలు

నా బల్ల మీద రెండు తెరలున్నాయి. లాప్‌టాప్ తెర చిన్నదైనా పిక్సెళ్ళు దట్టంగా ఉన్నది కనుక దానికి 200 శాతం కొలత పెట్టుకున్నాను. పక్కనున్న పాత మానిటర్‌కు 100 శాతం చాలు. తెర మీద విండోలను చూపే పాత వ్యవస్థ ఎక్స్11 మీద పనిచేసిన రోజుల్లో రెంటికీ ఒకే కొలత పెట్టుకోవలసి వచ్చేది, అందువల్ల ఒకదాని మీద అక్షరం చీమతలంత, రెండోదాని మీద గుమ్మడికాయంత కనిపించేది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫెడోరా వర్క్‌స్టేషన్ 43లో విండోను ఈ తెర నుంచి ఆ తెరకు జరిపినా అక్షరం పరిమాణం కంటికి మారదు, జరిపేటప్పుడు బొమ్మ మధ్యలో చిరిగినట్టు ఉండదు. ‘స్త్రీ’ అని టైపు చేసి దగ్గరగా చూశాను: తవత్తు, రవత్తు ఒకదాని మీద ఒకటి పడకుండా దేని చోట అది నిలిచింది. వత్తులను ఇలా పొందికగా కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని చాలాకాలం నడిపించిన బెహ్దాద్ ఎస్ఫబోద్ మొదట ఫెడోరాకు అండగా ఉన్న రెడ్‌హ్యాట్ కంపెనీలో, ఆ తరువాత గూగుల్‌లో ఉద్యోగం చేశారు. ఈ డెస్క్‌టాప్ ఇంత బాగుండడానికి కారణం కంపెనీలు జీతాలిచ్చి చేయించిన పని. మనకు ఏ దారి ఎప్పుడు మూసుకుపోవాలో తేల్చేవి కూడా చాలావరకు ఆ జీతాలే.

2025 అక్టోబరులో గ్నోమ్ 49 డెస్క్‌టాప్‌తో వచ్చిన ఈ విడుదలలో ఎక్స్11 మీద లాగిన్ అయ్యే సెషన్ అసలే లేదు, ఉన్నది దాని స్థానంలోకి వచ్చిన కొత్త వ్యవస్థ వేలాండ్ ఒక్కటే. పాత ఎక్స్ ప్రోగ్రాములు ఎక్స్‌వేలాండ్ అనే మధ్యవర్తి ద్వారా నడుస్తాయి, నా వాడుకలో చక్కగానే నడిచాయి. అయితే ఈ మార్పు వచ్చిన వరుసను గమనించాలి. వేలాండ్‌ను 2008లో మొదలుపెట్టిన క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ అప్పటికి రెడ్‌హ్యాట్ ఉద్యోగి. ఫెడోరా 2016లో దాన్ని ముందుగా ఎంచుకున్న సెషన్‌గా పెట్టింది. తన వాణిజ్య లినక్స్ పదో సంచికలో ఎక్స్11ను నడిపే ఎక్స్‌ఆర్గ్ సర్వర్ ఉండదని రెడ్‌హ్యాట్ 2023 నవంబరులో ప్రకటించింది, ఆ సంచిక 2025 మేలో వచ్చింది, కొన్ని నెలలకే ఫెడోరా గ్నోమ్‌లోనూ ఆ దారి మూసుకుపోయింది. ఫెడోరాలో సాంకేతిక సంఘాన్ని ఎన్నుకుంటారు, ప్రతిపాదనల మీద చర్చ అందరి ఎదుటే జరుగుతుంది. ఆ ప్రక్రియ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఏళ్ళ తరబడి ఎక్స్ బరువు మోసినవారిలో ముఖ్యులు ఆ కంపెనీ ఇంజినీర్లే అయినప్పుడు, వారు భుజం దించుకున్నాక ఓటుకు మిగిలే ఎంపిక తక్కువ.

ఆసక్తి ఉన్నవారు గ్రాఫిక్స్ డ్రైవర్ల ఉమ్మడి భండారమైన మీసా సోర్సు కోడ్ దించుకుని, మార్పుల చిట్టా అయిన గిట్ లాగ్ తెరిచి, మార్పులు చేసినవారి ఈమెయిలు చిరునామాల చివరలు మాత్రం చదువుకుంటూ వెళ్ళండి. ఇంటెల్, ఏఎండీ, రెడ్‌హ్యాట్, కొలాబొరా, ఇగాలియా పేర్లు మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. 1993లో బ్రయన్ పాల్ తన తీరిక సమయంలో మొదలుపెట్టిన పని అది. ఈ పేర్లు చూసి నాకు బాధ కలగలేదు. కొత్త చిప్ బజారులోకి వచ్చేసరికి డ్రైవర్ సిద్ధంగా ఉండడం కేవలం తీరిక సమయాలతో అయ్యే పని కాదు.

కంపెనీలు పంతానికి పోయినప్పుడు మాత్రం నలిగేది వాడుకరి. ఉబుంటు తయారుచేసే కెనానికల్ 2013లో వేలాండ్‌ను కాదని మిర్ అనే సొంత దారి ప్రకటించింది. అదే ఏడాది ఇంటెల్ తన డ్రైవర్‌లో చేర్చిన మిర్ మీద ఎక్స్ ప్రోగ్రాములను నడిపే ఎక్స్‌మిర్‌కు మద్దతును వెనక్కు తీసుకుంది. 2017లో కెనానికల్ తన యూనిటీ డెస్క్‌టాప్‌ను వదిలి గ్నోమ్‌కు తిరిగివచ్చింది. ఇక బొమ్మలను తెరకు చేర్చడానికి అందరూ జీబీఎం పద్ధతిలో వెళ్తుంటే ఎన్‌విడియా ఈజీఎల్‌స్ట్రీమ్స్ అంటూ పట్టుబట్టి, 2021లో 495 డ్రైవర్‌తో గానీ దిగిరాలేదు. అన్నేళ్ళూ ఆ కార్డులు కొనుక్కున్నవారికి వేలాండ్ ఒక తలనొప్పిగానే మిగిలింది.

దీనికి ఎదురు ఉదాహరణ ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఏఎండీ కార్డుల కోసం 2016లో డేవ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హౌజెన్ అనే బయటివారు వల్కన్ అనే గ్రాఫిక్స్ ప్రమాణానికి రాడ్వీ అనే డ్రైవర్‌ను మొదలుపెట్టారు. ఆటల వ్యాపారంలో ఉన్న వాల్వ్ దాని వెనుక నిలిచి ఇంజినీర్లను పెట్టింది. 2025లో ఏఎండీయే తన సొంత ఓపెన్ డ్రైవర్‌ను ఆపేసి రాడ్వీని స్వీకరించింది. కోడ్ అందరి చేతుల్లో ఉండబట్టి, కార్డు తయారుచేసిన కంపెనీ కన్నా బయటివారి పని నెగ్గింది.

లోపాలకు వస్తే, వేలాండ్‌లో తెర మీద రంగులు సరిగ్గా కనిపించేలా చూసే రంగుల నిర్వహణ ప్రోటోకాల్ (నియమావళి) చర్చల్లో ఐదేళ్ళు నలిగి 2025 ఫిబ్రవరిలో గానీ ఖాయం కాలేదు. ఫొటోలు, ముద్రణ పనులు చేసేవారికి అది సుదీర్ఘ కాలం. ఒక విండో నుంచి ఇంకో విండోకు మీటల నొక్కుళ్ళు పంపే ఎక్స్‌డూటూల్ వంటి పరికరాలు వేలాండ్ విండోల మీద పనిచేయవు. ఎక్స్11లో ఏ ప్రోగ్రామైనా మనం నొక్కే ప్రతి మీటనూ వినగలిగేది, దాన్ని ఆపడం సబబే. అయినా అటువంటి పరికరాలతో రోజు గడిపేవారికి పూర్తి ప్రత్యామ్నాయం చేతికిచ్చాకే పాత తలుపు మూసి ఉండవలసింది.

ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న యంత్రానికి, ముఖ్యంగా రెండు తెరలు వాడేవారికి, దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఎన్‌విడియా కార్డు ఉన్నవారు ముందుగా పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోవాలి. ఎక్స్11 మీదే ఆధారపడిన పరికరాలున్నవారు ఫెడోరాలోనే ఉన్న ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ సంచికను పెట్టుకోవచ్చు, అందులో ఆ సెషన్ ఇప్పటికీ ఉంది. ఒక్కో విడుదలకు మద్దతు సుమారు 13 నెలలే కనుక ఏటా ఒకసారైనా పైమెట్టుకు మారవలసి ఉంటుంది.